చల్లగది

నాయనమ్మ సంవత్సరీకానికి ఊరికి వెళ్ళిన రోజున, వంటవాళ్ళకు పెద్ద గంగాళం కావాలంటూ వదిన పెరట్లోని చిన్న గది తాళంచెవి నా చేతిలో పెట్టింది. తలుపు రెక్క నెట్టగానే లోపలి గాలి ముఖానికి కొట్టింది. గంగాళం సంగతి మరిచిపోయి గడప దగ్గరే నిలబడిపోయాను. పిడకల పొగ, పులిసిన చల్ల, కాగిన నెయ్యి, తడిసిన మట్టికుండ కలిసి ఒక్కటైపోయిన వాసన అది. ఆ గదిలో కుండ పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. రెండుసార్లు సున్నం వేయించినా ఆ ముక్కవాసన వదల్లేదని వదిన తరువాత విసుక్కుంది. నేను ఊరుకున్నాను. ఆమె ఈ ఇంటికి వచ్చేనాటికే కవ్వం మూలకు చేరింది.

మా ఊరు తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలుదారికి కొంచెం లోపలగా, కృష్ణా డెల్టాలో ఉంది. నా చిన్నతనంలో మా కొట్టంలో ఆరు గేదెలు, ఒక జత ఎడ్లు, ఎప్పుడూ నాలుగైదు దూడలు ఉండేవి. ఎండాకాలం సెలవులకు పట్నం నుంచి వచ్చే చుట్టాల పిల్లలు, ఆరు గేదెలున్న ఇంట్లో పాలు కాలవలుగా పారుతాయనుకొనేవారు. నిజానికి పాడి తగ్గే కాలం ఎండాకాలమే. మా వైపు గేదెలు ఎక్కువగా వానాకాలంలోనూ చలి మొదట్లోనూ ఈనుతాయి. అందువల్ల ఏప్రిల్ వచ్చేసరికి రెండు వట్టిపోయి, ఒకటి చూడితో బరువెక్కి, మరొకటి ఒంటిపూట మాత్రమే పాలిస్తూ ఉండేది. ఎండకు పచ్చిమేత లేక, మిగిలిన రెండూ కూడా పూటకు రెండు లీటర్లు దాటేవి కావు. నాలుగిళ్ళ మంది పిల్లలు చేరే రోజుల్లోనే ఇంట్లో పాలు తక్కువ. మా ఇంటి ఎండాకాలపు వంట అంతా ఆ కొరతను దాచిపెట్టిన వంట అని నాకు చాలా ఏళ్ళ తరువాత అర్థమైంది.

*

తెల్లవారుజామున నాలుగు గంటలకు నాన్న కొట్టంలో లాంతరు తగిలించిన చప్పుడుతో నాకు మెలకువ వచ్చేది. వేసవిలో అందరం వాకిట్లో నులకమంచాల మీద పడుకొనేవాళ్ళం కనుక కొట్టంలో ఏం జరుగుతున్నదో కళ్ళు తెరవకుండానే తెలిసేది. ముందు పలుపు విప్పిన చప్పుడు, ఆ వెంటనే దూడ గిట్టల పరుగు, తరువాత అది పొదుగును తలతో కుమ్ముతూ తాగే చప్పుడు వినిపించేవి. గేదె చేపగానే దూడను లాగి తల్లి ముందు కట్టేవారు. వట్టి చెంబులో మొదటి ధారలు సన్నగా, లోహం మోగేలా పడేవి. చెంబు నిండేకొద్దీ ఆ మోత బరువెక్కి, చివరకు నురగలో మునిగి మెత్తని గుసగుసగా మారిపోయేది. ఆ చప్పుడు ఎప్పుడు మారిందన్న దానిని బట్టి ఏ గేదె ఎన్ని పాలిచ్చిందో నాయనమ్మ మంచం మీద నుంచే చెప్పేది. "బొల్లిది ఇవాళ సోలెడు తగ్గించిందిరా, నిన్న కుడితి తాగలేదా?" అని అడిగితే, నాన్న జవాబు చెప్పకుండా కొలిచి చూసేవాడు. ఆమె లెక్క తప్పిన రోజు నాకు గుర్తులేదు. ఊళ్ళోకి లీటర్ల కొలతలు వచ్చాక కూడా ఆమె సోల, తవ్వ, మానిక దాటి రాలేదు.

కుడితి గోలెం కొట్టం పక్కనే ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు, తవుడు అన్నీ అందులోకే పోయేవి. నానబెట్టిన తెలగపిండి మాత్రం పాలిచ్చే గేదెలకే దక్కేది. వట్టిపోయిన గేదె ఆ వాసనకు మెడ చాచి, దక్కక, గాడిలోని వరిగడ్డిని కోపంగా ఎగజిమ్మేది. మా వైపు వరి కోయకముందే చేలో జనుము, పిల్లిపెసర చల్లుతారు. కోత అయ్యాక మిగిలిన పదునుకే అవి పెరిగి పశువులకు మేతవుతాయి. ఆ మేత అయిపోయిందంటే ఇక గడ్డివామే దిక్కు. వామి ఎంత తరిగిందో చూసి, జూన్‌లో కాలవలకు నీళ్ళు వదిలేదాకా అది వస్తుందా రాదా అని తాతయ్య రోజూ సాయంత్రం దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవాడు.

*

ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే కాలవలను వేసవిలో కట్టేసేవారు. కట్టేసే ముందు ఊళ్ళోని మంచినీళ్ళ చెరువునూ పశువుల చెరువునూ నింపుకోవాలి. ఆ నీళ్ళే రెండు నెలలకు ఆధారం. గేదెకు నల్లటి తోలు, చెమట తక్కువ; నీళ్ళలో పడితేగాని దాని ఒళ్ళు చల్లబడదు. మధ్యాహ్నం చెరువుకు తోలకపోతే సాయంత్రం పాలు తగ్గేవి. అందుకని అన్నయ్యకు సెలవుల్లో ఆ పని తప్పనిసరి. నాకు పదేళ్ళు వచ్చేదాకా నేనూ వెంట వెళ్ళేదాన్ని. ఆ తరువాత ఆడపిల్ల గేదె ఎక్కకూడదన్నారు, గట్టు మీద కూర్చొని చూడవలసి వచ్చింది. ఆ కోపం నాలో ఇప్పటికీ కొంచెం మిగిలి ఉంది.

మే నెల నడిచేకొద్దీ నీళ్ళు తగ్గి, చెరువు బురదగుంటగా మారేది. గేదెలు కళ్ళూ ముక్కుపుటాలూ మాత్రం పైకి పెట్టి, చెవులు విదిలిస్తూ, యోగనిద్రలో ఉన్నట్టు పడి ఉండేవి. అన్నయ్య ఎండుగడ్డి చుట్టతో వాటి వీపులు తోమేవాడు. నేను చెవుల వెనక పిడుదులు ఏరి రాయి మీద నలిపేదాన్ని. ఎండ దిగాక అవి తమంతట తామే లేచి, ఒకదాని వెనక ఒకటిగా ఇంటిదారి పట్టేవి. వాటి ఒంటి మీద బురద ఆరి, బీటలు వారి, నడుస్తుంటే పెళ్ళలుగా రాలేది. ఆ వేళకు వీధంతా ఆ బురదవాసనే. రాత్రి దోమలకు కొట్టంలో వేపాకు పొగ పెట్టేవారు. ఆ పొగ వాకిట్లోని మా మంచాల మీదుగా పోయేది కనుక దోమల మందులో మాకూ వాటా దక్కేది.

*

ఇక పెరట్లోని ఆ చల్లగది, అంటే మజ్జిగ చిలికే గది సంగతి. గది మూల మోకాలి లోతున దాలిగుంట ఉండేది. అడుగున పాత బూడిద, దానిపైన విరిచిన పిడకలు, పైన ఊక పోసి రాజేస్తే, మంట లేవకుండా, ఆరిపోకుండా పొద్దు వాలేదాకా అది కనకనలాడేది. ఉదయం పాలకుండను దానిపైన పెట్టి చిల్లుల మూత వేస్తే, మళ్ళీ దాని జోలికి ఎవరూ పోకూడదు. సాయంత్రానికి పాలు లేత ఎరుపు రంగుకు తిరిగి, పైన రొట్టె మందాన మీగడ కట్టేది. వేలు ముంచితే ఓర్చుకోగలిగేటంత వేడికి దిగాక తోడు పెట్టేవారు. చలికాలంలో చెంచాడు తోడు కావాలి, ఎండాకాలంలో నాలుగు చుక్కలు చాలు. ఒక్క చుక్క ఎక్కువైనా తెల్లారేసరికి పెరుగు పులిసి పళ్ళు జిల్లుమనేవి.

చిలకడం పొద్దు పొడవకముందే అయిపోవాలి. ఎండెక్కితే వెన్న గడ్డకట్టదు, కరిగి చల్లలోనే తేలిపోతుంది. గుంజకు బిగించిన కవ్వానికి తాడు చుట్టి నాయనమ్మ ఒక కొస, అమ్మ ఒక కొస పట్టుకొని లాగుతుంటే, ముందు చిక్కగా గుబగుబమని, తరువాత పలచగా సళసళమని చప్పుడు మారుతూ వచ్చేది. వేసవిలో కొత్తకుండలోని చల్లని నీళ్ళు, చలికాలంలో గోరువెచ్చని నీళ్ళు కలిపేవారు. వెన్న తేలిన క్షణం నాయనమ్మ చేతికి తెలిసిపోయేది. తాడు వదిలేసి, చేయి తడుపుకొని, వెన్నను కుండ అంచుకు చేర్చి ముద్ద చేసేది. నేను చేయి చాచి నిలబడితే ఉసిరికాయంత పెట్టేది. అన్నయ్యకు నిమ్మకాయంత పెట్టేదని నా అనుమానం.

నాకు గుర్తున్న తొలి రోజుల్లో మా ఇంటి పాడికి వచ్చే డబ్బు పాల వల్ల కాదు, నేతి వల్ల. పదిహేను పదహారు లీటర్ల గేదెపాలకు గాని కిలో నెయ్యి రాదు. నాలుగు రోజులకొకసారి పోగైన వెన్న కాచి, మునగాకు రెమ్మ వేసి దించి, తెనాలిలో తెలిసిన కొట్టుకు పంపేవారు. ఇంటికి మిగిలేది అడుగున ఉండే నేతి గసి. వేడి అన్నంలో ఆ గసి, ఉప్పు కలుపుకొని తినడం కోసం మేము పోట్లాడుకొనేవాళ్ళం. నెయ్యి డబ్బాకెక్కితే, ఊరికి మిగిలేది చల్ల.

చల్లను అమ్మేవారు కాదు. అమ్మడం తప్పని అనేవారు. తెల్లగా తెల్లవారేసరికి ముంతలు వచ్చేవి. "చల్లకొచ్చి ముంత దాచినట్టు" అనే మాటను బళ్ళో సామెతగా చదువుకోవడానికి చాలా ముందే నేను కళ్ళారా చూశాను. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు ముంతను పైటచెంగు కింద పెట్టుకొని, ముందు మా అమ్మను ఆరోగ్యం అడిగి, ఎండలు తిట్టి, దూడ బాగుందని మెచ్చుకొని, తిరిగి వెళ్ళబోతున్నట్టు రెండడుగులు వేసేవారు. నాయనమ్మ నవ్వకుండా "ఆ ముంత ఇటియ్యవే" అనేది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ముంతలన్నీ ఒకే చోటికి వచ్చేవి కావు. మా వీధి వాళ్ళు అరుగు దాకా వచ్చేవారు. ఊరి బయటి దళితుల పల్లె నుంచి వచ్చినవాళ్ళు దొడ్డి తలుపు బయటే ఆగేవారు, వాళ్ళ ముంతకు తగలకుండా పైనుంచి పోసేవారు. నాయనమ్మ ఎవరినీ వట్టిచేతులతో పంపలేదని నేను చాలామందికి గొప్పగా చెప్పాను. దొడ్డి తలుపు సంగతి చెప్పడానికి మాత్రం నాకు చాలా ఏళ్ళు పట్టింది.

*

పాలు తక్కువైన కాలంలో పదిమందిని చల్లతో ఎలా నెట్టుకొచ్చారో తలచుకుంటే ఇప్పుడు ఆశ్చర్యం వేస్తుంది. ఉదయం పిల్లలకు చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో ముందే చల్ల పోసి ఉంచితే, తెల్లారేసరికి మెతుకు మెత్తబడి కొంచెం పులుపెక్కేది. అందులో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకొని తింటే పది గంటల దాకా ఆకలి ఊసే లేదు. మధ్యాహ్నం చల్లపులుసు. సొరకాయ ముక్కలో బెండకాయ ముక్కలో ఉడికించి, నానిన శనగపప్పుతో అల్లం, పచ్చిమిర్చి రుబ్బి కలిపి, పులిసిన చల్లలో వేసి సన్నసెగ మీద మరగనిచ్చేవారు. గరిటె తిప్పడం ఆపితే విరిగిపోతుందని ఆ పని నాకు అప్పగించేవారు. ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయ వేసిన తాలింపు అందులో పడిన చప్పుడు వీధి చివర ఉన్న అన్నయ్యకు వినపడేదని అమ్మ అనేది.

అప్పటికీ మిగిలి, మరీ పులిసిపోయిన చల్లను మిరపకాయలు తాగేవి. లేత మిరపకాయలకు గాటు పెట్టి, ఉప్పు, వాము వేసిన చల్లలో మూడు రోజులు నానబెట్టేవారు. పగలు ఈతచాప మీద ఎండబెట్టడం, రాత్రి మళ్ళీ అదే చల్లలో వేయడం, కుండలో చుక్క మిగలనంత వరకు సాగేది. కాకుల కాపలా మాది. బాగా ఎండిన చల్లమిరపకాయ నూనెలో పడి నల్లబడితే, పప్పన్నంలో దాన్ని చిదుముకొని తినడానికి తాతయ్య పళ్ళు లేకపోయినా వెనుకాడేవాడు కాదు.

ఆవకాయ పెట్టిన రోజు మాత్రం కొరత మరిచిపోయేవారు. గుంటూరు కారం, ఆవపిండి, ఉప్పు, నువ్వులనూనె పట్టించిన ముక్కలను జాడీకెత్తాక, కలిపిన పళ్ళెంలో మిగిలిన గుజ్జులో వేడి అన్నం వేసి, ఆ ఉదయం తీసిన వెన్న అంతా అందులోనే పడేసి, నాయనమ్మ తన చేత్తో కలిపి ముద్దలు పంచేది. తెనాలి కొట్టుకు వెళ్ళవలసిన వెన్న అది. ఆ ఒక్కరోజు తాతయ్య లెక్క అడిగేవాడు కాదు.

రాత్రి వాకిట్లో వరసగా కూర్చుంటే, పెరుగన్నంలోకి తలా ఒక రసాలు మామిడిపండు. పెరుగు తక్కువైతే పండు రసం పిండి చిక్కబరిచేవారు. పట్నం పిల్లలకు అదే విందు. వాళ్ళు ఇంటికి తిరిగి వెళ్ళి, మా ఇంట్లో పెరుగు పసుపుపచ్చగా ఉంటుందని చెప్పుకొన్నారట.

*

దేశంలో పాలవెల్లువ పథకం (ఆపరేషన్ ఫ్లడ్) 1970లో మొదలైంది. మా ఊరికి దాని గాలి వీయడానికి మరికొన్ని ఏళ్ళు పట్టింది. రచ్చబండ పక్కన ఒక పెంకుటింట్లో పాలకేంద్రం తెరిచారు. రెండు పూటలా పాలు పోయాలి. ఒక గాజుగొట్టంలో కాసిని పాలు, ఆమ్లం కలిపి, చేత్తో తిప్పే యంత్రంలో గిరగిరా తిప్పి, వెన్న ఎంత ఉందో చూసి కార్డు మీద రాసేవారు. బొల్లిగేదె పాలకు ఏడు శాతం వచ్చిందని నాన్న ఇంటికి వచ్చి చెప్పిన రోజున, అది పరీక్షలో మొదటి తరగతి తెచ్చుకొన్నంత సంబరపడ్డాం. పదిహేను రోజులకొకసారి చేతికి డబ్బు అందేది. అన్నయ్య కాలేజీ ఫీజు, నా హాస్టలు ఫీజు ఆ కార్డులోనుంచే వచ్చాయి. కనుక ఆ కేంద్రాన్ని నిందించే అర్హత నాకు లేదు.

అయితే పాలకు వెన్నను బట్టి ధర కట్టాక, వెన్న ఇంట్లో ఎందుకు తీస్తారు? దాలిమీదికి వెళ్ళే కుండ చిన్నదైంది. చల్ల తగ్గింది. ముంతలు మాత్రం తగ్గలేదు. నాయనమ్మ మూడు ముంతల చల్లలో కుండెడు నీళ్ళు కలిపి ఎనిమిది ముంతలకు సాగదీసింది. ఒక వేసవి ఉదయం, బొల్లిగేదె కూడా వట్టిపోయిన తరువాత, దొడ్డి తలుపు దగ్గర నిలబడినవాళ్ళతో మొదటిసారి "లేదమ్మా" అంది. ఆ రోజంతా ఆమె చల్లగదిలోనే ఏదో సర్దుతూ ఉండిపోయింది.

అదే వేసవి అనుకొంటాను, ఒక సాయంత్రం పాల లారీ రాలేదు. ఎక్కడో చెడిపోయిందన్నారు. ఫోను లేని ఊరు. ఎదురుచూడడం తప్ప చేసేదేమీ లేదు. రాత్రి తొమ్మిదికి క్యాన్ల దగ్గర పులుపువాసన మొదలైంది. పదింటికి ఎవరి పాలు వాళ్ళను తీసుకుపొమ్మన్నారు. పోసిన పాలన్నీ ఒకే క్యాన్లలో కలిసిపోయి ఉన్నాయి కనుక, ఎవరి కొలత ప్రకారం వారికి అందులోనుంచే పోశారు. అందులో మా గేదెల పాలెన్నో, పల్లె వాళ్ళ గేదెల పాలెన్నో చెప్పగలిగేవారెవరు? నాన్న తెచ్చిన బిందెను నాయనమ్మ కాసేపు చూస్తూ నిలబడింది. ఏమీ అనలేదు. పెద్ద గంగాళం పొయ్యి మీదికి ఎక్కించి, పాలు విరగనిచ్చి, గుడ్డలో వడగట్టి, బెల్లం వేసి, అర్ధరాత్రి దాకా కలియబెట్టింది. వీధిలో ప్రతి ఇంటా అదే వాసన. పిల్లలం నిద్రలు మాని, వేలితో గంగాళం గోకి తిన్నాం. నాన్న లాంతరు దగ్గర కార్డు పట్టుకొని కూర్చున్నాడు. ఆ పూట పాలకు డబ్బు రాలేదు, ఆ పక్షం తెలగపిండి బాకీ తీరలేదు.

పల్లెలో గేదెలు ఎక్కడివంటే, అవి అప్పుడప్పుడే వచ్చినవి. సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం 1980 నుంచి దేశమంతటా అమలైంది. దాని కింద బ్యాంకు అప్పు తీసుకొని గేదెలు కొనుక్కొన్న ఇళ్ళలో, దొడ్డి తలుపు దగ్గర ఎప్పుడూ అందరికంటే ముందు నిలబడే ఆవిడ ఇల్లు ఒకటి. ఆమె ఇక ముంతతో రాలేదు. చెంబుతో పాలకేంద్రం వరసలో నిలబడేది. ఒకసారి ఆమె గేదె వెన్న శాతం మా గేదె కంటే ఎక్కువ వచ్చిందని నాన్న చెబితే, నాయనమ్మ "దానికేం, ఆవిడ దగ్గరుండి మేపుతుంది, మీరు ఊరికే పోషిస్తారు" అని అన్నయ్యను దెప్పింది.

*

గంగాళం అటక మీద బోర్లించి ఉంది. దించుతుంటే దాని వెనక కవ్వం కనిపించింది. తాడు రాసుకొని రాసుకొని దాని కొయ్య మీద వేలెడు లోతున గాడి పడింది. తాడు ఎలుకలు కొట్టేసినట్టున్నాయి. దాలిగుంటను సిమెంటుతో పూడ్చేసి, పైన గ్యాసు సిలిండర్లు పెట్టారు. కొట్టంలో ఇప్పుడు అన్నయ్య కారు ఉంటోంది.

మధ్యాహ్నం భోజనాలకు ఊరంతా వచ్చింది. పంచలో బల్లల మీద ఆకులు వేశారు. దొడ్డి తలుపు దగ్గర నిలబడే ఆవిడ కూడా వచ్చింది. బాగా వంగిపోయింది, మనవడి భుజం పట్టుకొని నడుస్తోంది. నేను నాయనమ్మ మనవరాలినని చెబితే చెయ్యి పట్టుకొని చాలాసేపు చూసింది. వడ్డన చివర వదిన మజ్జిగ పంపింది. స్టీలు గ్లాసు ఆవిడ ముందు పెట్టాను.

"మీ గేదెలవేనా అమ్మాయ్?"

"లేదండీ, ప్యాకెట్ పెరుగు."

ఆవిడ గ్లాసు ఎత్తి మొత్తం తాగి, పెదవులు తుడుచుకొంది.

"ఉప్పు సరిపోయింది" అంది.